వ్యాసార్ధం గారు ఎక్కడున్నారు?

మా వ్యాసార్ధం గారు తను ఎక్కడికి వెళ్తున్నదీ ఏనాడూ మాటల్లో చెప్పి ఎరగరు. సమీకరణం రాసి వెళ్ళేవారు.

నీటి సరఫరా ఆఫీసులో డ్రాయింగు విభాగానికి ఆయన పెద్ద. ఊళ్ళో ఏ పైపు ఏ వీధి కింద నుంచి పోతోందో, ఏ వాల్వు ఏ మలుపులో ఉందో చూపించే పటాలన్నీ ఆయన చేతి కింద ఉండేవి. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. మాకందరికీ ఆయన వ్యాసార్ధం గారే. నేను ఆ ఆఫీసులో అటెండర్ని. ఫైళ్ళు మోయడం, టీలు అందించడం, ఎవరు పిలిచినా పలకడం నా పని. నన్ను మాత్రం అందరూ "ఏయ్" అనే పిలిచేవారు.

ఏ ఆఫీసులోనైనా మనిషి కుర్చీలో లేకపోతే పక్కవాళ్ళు "ఇప్పుడే బయటికెళ్ళారండీ" అంటారు. ఆ "ఇప్పుడే" పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగుతుంది. వ్యాసార్ధం గారికి అలాంటి అబద్ధాలు గిట్టవు. ఆయన బల్ల వెనక గోడకి మా కాంపౌండు పటం వేలాడుతూ ఉండేది, గళ్ళ కాగితం మీద గీసినది. నట్టనడుమ పాత చేతిపంపు. అది సున్నా. ఒక్కో గడి పది అంగలు. కుడివైపు x, పైవైపు y. లేచి వెళ్ళేముందు చీటీ మీద ఒక వృత్తం సమీకరణం రాసి, దాని మీద సిరాబుడ్డి బరువు పెట్టేవారు. వృత్తకేంద్రం ఆయనున్న చోటు. వ్యాసార్ధం, ఆ చుట్టుపక్కల ఎంత దూరం వెతకాలో చెప్పేది.

"ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్తారండీ?" అనేవారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అంతకుముందు ముప్పై ఏళ్ళూ కుర్చీ కదలని మనిషి. ఉన్నట్టుండి ఈ తిరుగుడూ ఈ చీటీలూ ఎందుకు పట్టుకున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. "వయసు మీద పడితే అందరికీ మతిమరుపొస్తుంది. ఈయనకి లెక్కలొచ్చాయి" అన్నాడు పెద్ద గుమాస్తా.

మొదటి బాధితుడూ ఆయనే. ఒకరోజు సంతకం కోసం ఫైలు పట్టుకొస్తే బల్ల మీద చీటీ ఉంది:

x² + y² − 6x − 8y + 21 = 0

పెద్ద గుమాస్తా చిన్నప్పుడు లెక్కల్లో చురుకైనవాడట. ఆ సంగతి ఆయన తప్ప ఇంకెవరూ చెప్పగా వినలేదు. అందరూ చూస్తుండగా వేళ్ళు విరుచుకుని, "ఇదెంత పని! ఆరులో సగం మూడు, ఎనిమిదిలో సగం నాలుగు. తీసివేతలున్నాయి కాబట్టి ఎడమకి మూడు, కిందికి నాలుగు" అంటూ బయల్దేరాడు.

వ్యాసార్ధం గారేమో కుడికి మూడు, పైకి నాలుగు గళ్ళ దగ్గర, మీటర్లు బాగుచేసే గదిలో ఉన్నారు. ఎడమకి మూడు, కిందికి నాలుగు దగ్గరున్నది బురదనీళ్ళు తేరుకునే తొట్టి. పెద్ద గుమాస్తా అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచాడు గానీ దారి చూసుకుంటూ నడవలేదు.

మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చి, "మనిషన్నవాడు ఇలా రాసిపెట్టి పోతాడా?" అని కేకలేశాడు.

వ్యాసార్ధం గారు ఆ కాళ్ళని శ్రద్ధగా పరిశీలించి, "సగం చెయ్యడం గుర్తుంది. గుర్తు మార్చడం మర్చిపోయారు. పదికి అయిదు వేస్తాను" అన్నారు.

తర్వాతి వంతు ఇంజనీరు గారిది. ఆ రోజు చీటీ కొంచెం కొంటెది: 2x² + 2y² − 12x + 16y + 32 = 0. ముందు మొత్తాన్ని రెండుతో భాగించుకోవాలి. ఇంజనీరు గారు చాలా పెద్ద చదువులు చదివారు కాబట్టి అంత చిన్న విషయం తట్టలేదు. పన్నెండులో సగం ఆరు, పదహారులో సగం ఎనిమిది అనుకుని కుడికి ఆరు గళ్ళు, కిందికి ఎనిమిది గళ్ళు నడిచారు. మా కాంపౌండు కిందివైపు ఆరు గళ్ళతోనే అయిపోతుంది. ఆయన వెనక గేటు దాటి, వీధి దాటి, లెక్క ఆగమన్న చోట ఆగి చూస్తే అదొక సెలూన్. లోపలాయన "రండి సార్, రండి" అని కుర్చీ దులిపాడు. "మా డ్రాఫ్ట్స్‌మన్‌ని వెతుక్కుంటూ వచ్చాను" అని చెప్పుకోవడానికి మొహం చెల్లక ఇంజనీరు గారు కూర్చున్నారు. అరగంట తర్వాత కొత్త క్రాపుతో ఆఫీసుకొచ్చారు. అప్పుడే పంపు హౌసు నుంచి తిరిగొచ్చిన వ్యాసార్ధం గారు మర్యాదగా లేచి నిలబడి, "బావుందండీ" అన్నారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది: "ఇకపై చీటీలు అందరికీ అర్థమగు రీతిలో, తెలుగులో వ్రాయవలెను."

వ్యాసార్ధం గారు ఉత్తర్వు మీరే మనిషి కాదు. మర్నాడు చీటీ అచ్చ తెలుగులో ఉంది: "ఎక్స్ వర్గము, వై వర్గము, పది ఎక్స్‌లు కూడి, అందుండి నాలుగు వైలు తీసి, ఇరవైతొమ్మిది చేర్చగా ఏమియు మిగులదు."

సరిగ్గా ఆ రోజే పెద్ద వీధిలో పైపు పగిలింది. నీళ్ళు ఇళ్ళలోకి వస్తున్నాయని ఫోను మీద ఫోను. ఏ వాల్వు కట్టాలో తెలియాలంటే పటం కావాలి, పటం బీరువా తాళంచెవి వ్యాసార్ధం గారి జేబులో ఉంది. చీటీ చుట్టూ ఆరుగురు మూగారు.

"ఏమియు మిగులదు అంటాడేంటయ్యా? ఊరు మిగలదనా?" ఇంజనీరు గారు చీటీని వెనక్కి తిప్పి కూడా చూశారు.

నేను గుమ్మం దగ్గర ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడొక మాట ఒప్పుకోవాలి. చీటీలు మొదలైన నాటి నుంచి, ఆర్నెల్లుగా, ఆయన ప్రతిరోజూ ఎక్కడున్నదీ నాకు తెలుసు. బల్ల తుడుస్తూ చదివేదాన్ని. తుడవడం పూర్తయ్యేలోపు లెక్క అయిపోయేది. పైకి చెప్పలేదు, అంతే. అటెండరు లెక్క చెప్తే ఎవరికి బావుంటుంది?

ఇంటర్ రెండో ఏడాది మధ్యలో మా అమ్మ మంచాన పడింది. నన్ను చదువు మాన్పించారు. మానేసిన రోజున లెక్కల క్లాసులో జరుగుతున్నది వృత్తాల పాఠం. ఆ తర్వాతి పాఠం ఏమిటో ఇరవై ఏళ్ళయినా నాకు తెలియలేదు. అమ్మ పోయింది, పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో ట్రేసర్లు పల్చటి కాగితాల మీద సిరాతో గీతలు ఎత్తుతుంటే, టీ గ్లాసు పెట్టే వంకతో ఒక నిమిషం ఎక్కువ నిలబడేదాన్ని. ఆ నిమిషం కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని.

ఫోను మళ్ళీ మోగింది. నోరు నా మాట వినలేదు.

"క్యాంటీన్‌లో ఉన్నారండీ. మూల బెంచీ మీద. కదలకుండా కూర్చున్నారు."

ఆరు తలలూ ఇటు తిరిగాయి.

"కదలకుండా అని కూడా రాశాడా?" అన్నారు ఇంజనీరు గారు.

"వ్యాసార్ధం సున్నా వచ్చింది సార్."

పరిగెత్తుకెళ్ళాను. ఎడమకి అయిదు గళ్ళు, పైకి రెండు. మూల బెంచీ మీద వ్యాసార్ధం గారు బిగుసుకుని కూర్చుని ఉన్నారు, చేతిలో గడియారం. నన్ను చూడగానే ఆయన మొహం ఎలా అయిందంటే, రావాల్సిన బండి ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చినా వచ్చింది కదా అన్నట్టు వెలిగిపోయింది. నాకప్పుడు అర్థం కాలేదు.

"వచ్చావా అమ్మాయ్!" అన్నారు.

"పైపు పగిలింది సార్, తాళంచెవి..."

"ఇస్తాను, ఇస్తాను. పది ఎక్స్‌లకి ఎడమకెందుకు వచ్చావు?"

"సగం చేసి గుర్తు మార్చాను సార్."

"గుర్తెందుకు మార్చాలి?"

"అది... బళ్ళో అలాగే చెప్పారు సార్."

"ఎందుకో చెప్పలేదా? అన్యాయం!" తాళంచెవి నా చేతిలో పెట్టి, వెనక నుంచి అరిచారు. "రేపు చెప్తాను. మర్చిపోకుండా వెతుక్కుంటూ రా!"

ఆ రోజు నుంచి ఆఫీసులో నా పేరు మారింది. ఎవరికి వ్యాసార్ధం గారితో పనిపడినా నా దగ్గరికే రావాలి. "ఏయ్" కాస్తా "అమ్మా" అయింది. పెద్ద గుమాస్తా స్వయంగా చీటీ పట్టుకొచ్చి, "కాస్త చూసిపెట్టమ్మా, తీరిగ్గానే చూడు" అని పక్కన నిలబడేవాడు. తీరిక అనే మాట నా పనికి కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది.

నేను వెళ్ళేసరికి వ్యాసార్ధం గారు గడియారం చూసుకునేవారు. "ఏడు నిమిషాలు. ఈరోజు చీటీలో భిన్నాలున్నాయని భయపడ్డావు కదూ?" అనేవారు. భయపడ్డ మాట నిజమే. జేబులోంచి సుద్దముక్క తీసి ఎక్కడుంటే అక్కడే, పంపు హౌసు గోడ మీద, క్యాంటీను నేల మీద, ఒకసారి ఇంజనీరు గారి కారు వెనక డిక్కీ మీద పాఠం చెప్పేవారు.

"చూడమ్మాయ్, x² − 6x అని ఉంది. ఇది పాపం అసంపూర్తిగా ఉంది. తొమ్మిది చేరిస్తే నిండు వర్గమవుతుంది, x లోంచి మూడు తీసినదానికి వర్గం. మూడు తీశారంటే కుడివైపు మూడు దగ్గర మొదలన్నమాట. గుర్తు మారడం అంటే ఇదే, మంత్రం కాదు. ఇవతల తొమ్మిది చేర్చావు కాబట్టి అవతలా చేర్చు. లేకపోతే దొంగలెక్క అవుతుంది."

"అసంపూర్తిగా ఉన్నదాన్ని చూస్తే మీకేమవుతుంది సార్?" అన్నాను ఒకసారి, సరదాకి.

"అన్నం సయించదు" అన్నారు, సరదా ఏమీ లేకుండా.

మా అత్తగారికి నా అవస్థ వింతగా ఉండేది. వంటింటి నేల మీద సుద్దతో వేసుకున్న వృత్తాలని తొక్కకుండా ఒంటికాలి మీద గెంతుతూ, "ఈ వయసులో నీకిదేం పిచ్చే? పైగా నాకు గెంతులు నేర్పావు" అనేది. తుడిచెయ్యమంటే మాత్రం, "నీ లెక్క అవ్వలేదుగా, ఉండనీ" అనేది.

మా కాంపౌండు గోడ అవతల ఒక బడి ఉండేది. మధ్యాహ్నం మూడింటికి గంట కొడతారు. ఆ వేళకి వచ్చే చీటీల కేంద్రం ఎప్పుడూ ఆ గోడ దగ్గరే తేలుతుందని నాకు మెల్లగా తెలిసింది. ఒకరోజు వెళ్ళేసరికి ఆయన గోడకి చెవి ఆనించి నిలబడి ఉన్నారు. అవతల ఎవరో టీచరు ఎక్కాలు అప్పగించుకుంటోంది.

"పదమూడో ఎక్కంలో తడబడుతున్నారు" అని గుసగుసగా చెప్పారు. గోడ నుంచి చెవి తీసి నావైపు తిరిగారు. "నాకు టీచరు శిక్షణలో సీటొచ్చిందమ్మా. చేరాల్సిన వారంలోనే మా నాన్న పోయారు. ఆయన పనిచేసిన ఆఫీసే ఇది. ఇంట్లో నలుగురు చిన్నవాళ్ళు. ఉద్యోగం ఇస్తామంటే వద్దనలేకపోయాను. గీతలు గీయడం మంచి పనే. కానీ గీత తిరిగి ప్రశ్న అడగదు కదా!"

"భిన్నాలుంటే వ్యాసార్ధం ఎలాగో మళ్ళీ చెప్పండి సార్" అన్నాను. అది నాకు వచ్చు. ఆయన మూడుసార్లు చెప్పారు.

ఒకరోజు చీటీ చూస్తే లెక్క ఎటూ తేలలేదు. x² + y² − 2x − 4y + 9 = 0. కేంద్రం కుడికి ఒకటి, పైకి రెండు. వ్యాసార్ధం వర్గం చూస్తే తీసివేత నాలుగు! అలాంటి వృత్తమే ఉండదు. అంటే ఆయన ఎక్కడా లేరు, ముందురోజు సాయంత్రమే రాసిపెట్టి వెళ్ళారు. సెలవు. అది తెలిసి కూడా కుడికి పది అంగలు, పైకి ఇరవై అంగలు నడిచాను. వట్టి నేల. అక్కడ కాసేపు నిలబడి వచ్చాను.

మర్నాడు ఆయన కోప్పడ్డారు. "లేని వృత్తం కోసం వెతుకుతారా ఎవరైనా?"

"లేరని తెలుసు సార్. ఒకసారి చూసొద్దామనిపించింది."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఎన్నడూ చెప్పకుండా సెలవు పెట్టలేదు.

మూడో ఏట ట్రేసరు పరీక్షకి నోటీసు వచ్చింది. పదేళ్ళ సర్వీసున్న అటెండర్లు కూడా రాయొచ్చు, నలభై దాటకూడదు. నాకు ముప్పై తొమ్మిది. మళ్ళీ నోటీసు వచ్చేసరికి నలభై దాటిపోతాయి. నోటీసు బోర్డు తుడిచే పని కూడా నాదే. రోజుకి నాలుగుసార్లు తుడిచాను. దరఖాస్తు మాత్రం తీసుకోలేదు. తప్పితే? "అమ్మా" మళ్ళీ "ఏయ్" అయిపోతుంది కదా! ఉన్నదీ పోతుంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం చీటీ: x² + y² − 10y + 25 = 0. ఎడమా కుడీ కదలక్కర్లేదు, పైకి అయిదు, వ్యాసార్ధం సున్నా. అది పెద్ద గుమాస్తా బల్ల. వెళ్తే వ్యాసార్ధం గారు పెద్ద గుమాస్తా కుర్చీలో కూర్చుని ఉన్నారు. పెద్ద గుమాస్తా పక్కన నిలబడి సిరా అద్దుతున్నాడు. ఇద్దరి మధ్యా నా దరఖాస్తు, నింపి ఉంది. సంతకం చోటు ఒక్కటే ఖాళీ.

"అసంపూర్తిగా ఉంది" అన్నారు వ్యాసార్ధం గారు.

"నాకు భయం సార్."

"పెట్టమ్మా" అన్నాడు పెద్ద గుమాస్తా. "నువ్వు పాసైపోతే ఈయన్ని వెతికిపెట్టే దిక్కు మాకుండదు. మళ్ళీ నేనే బురదలో పడాలి. అయినా పెట్టు."

పెట్టాను.

పరీక్ష రాశాను. ఫలితాలు వచ్చేలోపే వ్యాసార్ధం గారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఆయన్ని మాట్లాడమంటే, "నేనెప్పుడూ ఎక్కడున్నదీ చెప్పే వెళ్ళాను. వినేవాళ్ళు విన్నారు. నమస్కారం" అని కూర్చున్నారు.

ఆయన స్థానంలో వచ్చినాయన మంచివాడే. లేచేటప్పుడు, "స్టోర్సుకి వెళ్తున్నాను, పదకొండింటికి వస్తాను" అని అందరికీ వినపడేలా చెప్తాడు. సరిగ్గా పదకొండింటికి వస్తాడు. నెల తిరక్కుండానే ఆఫీసు మొత్తానికి దిగులు పట్టుకుంది.

"ఎక్కడికెళ్తున్నాడో చెప్పేసి వెళ్ళిపోతున్నాడు. ఇదేం పద్ధతమ్మా?" అన్నాడు పెద్ద గుమాస్తా, గోడ మీది గళ్ళ పటాన్ని చూస్తూ. మూడింటికి గంట కొడితే నేను కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని. గోడ దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. ఉండరని తెలుసు. చూసేదాన్ని.

పాసయ్యాను. డ్రాయింగు విభాగంలో కిటికీ పక్క బల్ల ఇచ్చారు. మొదటి పనిగా ఒక గుండ్రటి నీళ్ళ ట్యాంకు గీశాను. సిరాతో ఎత్తింది ఆఫీసుకి అప్పగించి, పెన్సిలుతో గీసుకున్న ప్రతిని చుట్టచుట్టి, ఒక ఆదివారం ఆయన ఇంటికి తీసుకెళ్ళాను.

తలుపు తీసిన ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసి, "మీరేనా ఆవిడ?" అన్నారు.

"ఏ ఆవిడండీ?"

"కూర్చోండి. ఆయన పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు, వస్తారు." ఆవిడ గొంతు తగ్గించారు. "మూడేళ్ళు మా ఇంట్లో మీ మాట తప్ప ఇంకో మాట లేదు. ఈయనకి మోకాళ్ళ నొప్పులని మీకు తెలుసా? పది అడుగులు వేస్తే కూర్చోవాలి. రోజూ ఇంటికొచ్చి వేడినీళ్ళ కాపడం. ఆఫీసంతా ఎందుకా తిరుగుడు అని నేను పోట్లాడేదాన్ని."

"ఎందుకటండీ?"

"చెత్తబుట్టలో పడేసిన ఆయన లెక్కొకటి, మర్నాడు బల్ల మీద పూర్తయి ఉందట, చిన్న అక్షరాలతో. ఎవరు చేశారా అని తపాలా పుస్తకంలో మీ రాతతో పోల్చి చూసుకున్నారట. పిలిచి అడగొచ్చుగా అన్నాను. 'అడిగితే తప్పు చేశాననుకుని భయపడుతుంది. చదువుకోమంటే సిగ్గుపడుతుంది. వెతకమంటే వస్తుంది' అన్నారు. ఆర్నెల్లు ఎవరెవరో వచ్చారు గానీ మీరు రాలేదు. రోజూ సాయంత్రం చెప్పులు విప్పుతూ, 'ఇవాళ కూడా రాలేదే' అనేవారు. నేను కాపడం పెడుతూ మిమ్మల్ని తిట్టుకునేదాన్ని, ఏమనుకోకండి."

నేనేమీ అనుకోలేకపోయాను. ఆ ఆర్నెల్లూ ఆయన ఎక్కడున్నదీ తెలిసి కూడా, గుడ్డ పట్టుకుని బల్ల తుడుస్తూ నిలబడ్డదాన్ని.

పెరటి గుమ్మంలోంచి వ్యాసార్ధం గారు వచ్చారు, గోడ పట్టుకుని మెల్లగా. నన్ను చూసి చెయ్యి వదిలేసి మామూలుగా నడవబోయారు.

"ఇదంతా నాకోసమా సార్?" అన్నాను.

"ఏదంతా? డాక్టరు నడవమన్నాడు, నడిచాను."

"ఏ డాక్టరు?" అన్నారు ఆవిడ.

"ఉన్నాడులే ఒకడు. ఏదమ్మాయ్, ఆ చుట్ట ఏంటి? ఇలా తే" అని మాట తప్పించారు.

భోజనాల బల్ల మీద పరిచాం. కళ్ళజోడు సవరించుకుని, వృత్తలేఖిని తెప్పించుకుని, కేంద్రం కొలిచారు, వ్యాసార్ధం కొలిచారు. గోడల మందం, పైపుల కొలతలు, ఒక్కో అంకే వేలు పెట్టి చదివారు. పావుగంట గడిచింది. ఒక్క తప్పూ దొరకలేదు. ఆయన మొహం వాడిపోయింది. దిద్దడానికి ఏమీ మిగల్చకుండా వచ్చినందుకు నాకే తప్పు చేసినట్టనిపించింది.

ఆఖరికి కాగితం కుడి మూల దగ్గర వేలు ఆగింది. "దొరికింది!" అని బల్ల మీద చరిచారు.

కాగితం మీదికి వంగాను. "ఏంటి సార్?"

"'గీసినవారు' అన్న చోట నీ పేరు. ఇదేంటమ్మాయ్, చీమ పాకినట్టు రాశావు? నా కళ్ళకే ఆనలేదు. ఇంజనీరు పేరు చూడు, గడి నిండా ఉంది." ఆవిడవైపు తిరిగి, "ఆ రబ్బరిలా పట్రా" అన్నారు. "పదికి తొమ్మిది. తుడిచి, గడి నిండా రాయి. అప్పుడు పది వేస్తాను."

నేను రాస్తున్నంతసేపూ ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. "ఇంకొంచెం పెద్దగా" అన్నారు. రాశాను. "ఇంకొంచెం" అన్నారు. చివరి అక్షరం గడి దాటి పక్క గీత మీదికి ఎక్కింది. "గీత దాటింది, ఇదీ తప్పే కదా సార్" అన్నాను.

"ఉండనీ" అన్నారు.